భయాల మాస్టారు

డ్రైవింగు మాస్టారి ముందు ఏమైనా అనవచ్చు గాని, "నాకు భయంగా ఉంది" అని మాత్రం అనకూడదు. అన్నవాళ్ళ పని అయిపోయినట్టే. ఆయన ఉన్నపళంగా బండి పక్కకి తీయిస్తారు. వెనక బస్సువాడు హారన్ మోగించనీ, ఎదురుగా పోలీసు ఈల వెయ్యనీ, ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండదు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, సీట్లో ఇటు తిరిగి కూర్చుని, తీరుబడిగా అడుగుతారు:

"భయం సరేనండీ. ఏ రకం?"

"రకమేమిటి మాస్టారూ? భయమంటే భయమే!"

"బట్టల కొట్టుకెళ్ళి 'గుడ్డ కావాలి' అంటే కొలిచి ఇచ్చేస్తారా? ఏం గుడ్డ, దేనికి, ఎవరికి అని అడగరూ? గుడ్డకున్నపాటి మర్యాద భయానికి లేదా?"

ఇక ఆ పూట పాఠం గోవిందా. రకం తేలేదాకా బండి కదలదు.

రేడియోలో వార్తలు చదివే పెద్దమనిషి ఒకాయన నేర్చుకోవడానికి వచ్చాడు. మొదటి రోజు స్టీరింగు పట్టుకోగానే, అలవాటైన గొంతుతో, "తీవ్ర భయాందోళనలకు గురవుతున్నాను" అన్నాడు.

"అది ఊరంతటికీ కలిపి వాడే మాటండీ. ఒక్క మనిషికి అంతెందుకు?" అన్నారు మాస్టారు. "మీరిప్పుడు గేరు మార్చబోయి నా మోకాలు పట్టుకున్నారు. దీన్ని కంగారంటారు. కంగారు చేతుల జబ్బు. గుండె దాకా వెళ్ళదు. మీరేం బెంగపడకండి, నాకూ అదే."

వ్యాయామశాల నడిపే వస్తాదు ఇంకొకడు. ఒక్కడే ఉంటే బండిని చిటికెన వేలితో తిప్పేవాడు. వెనక సీట్లో అత్తగారు కూర్చుంటే చాలు, ఏ కాలికింద ఏముందో మరిచిపోయేవాడు. మాస్టారు ఒకనాడు ఆ అత్తగారిని కూడా ఎక్కించుకుని, తిప్పి, పరీక్షించి, ఆవిడ దిగి వెళ్ళాక తీర్పు చెప్పారు.

"ఇది హడలు. నిఖార్సైన హడలు మనిషిని చూస్తేనే వస్తుంది. బండికి దీంతో సంబంధం లేదు. నాకూ అదే."

"మీకూ అత్తగారున్నారా మాస్టారూ?"

"లేరు. పోయి చాలా ఏళ్ళయింది. అయినా తగ్గలేదు."

ఎవరు ఏ భయం చెప్పుకున్నా ఆయన మందు ఆ రెండు మాటలే: నాకూ అదే. బ్యాంకులో క్యాషియరమ్మకి హారన్ వింటే ఒళ్ళు ఎగిరిపడేది. "బెదురు. చెవిలోంచి లోపలికొస్తుంది. దూడలకీ ఉంటుంది, తప్పేం లేదు. నాకూ అదే" అన్నారు. అన్నాక నిజంగానే ఒక లారీ హారన్ మోగింది. క్యాషియరమ్మ జానెడు ఎగిరితే మాస్టారు బారెడు ఎగిరారు. ఆయన తల పైకప్పుకి కొట్టుకున్న చప్పుడికి ఆవిడ తన బెదురు సంగతి మరిచిపోయి, ఆయన నుదుటికి రుమాలు తడిపి పెట్టింది.

లోకంలో ఒక్కొక్క జాతి ఒక్కొక్క వస్తువుని ముద్దుగా పెంచుకుంటుంది. కొందరికి వానకి పేర్లెక్కువ, కొందరికి గుర్రాలకి, కొందరికి బంధువులకి. మన భాష భయాన్ని పెంచుకుంది. బెరుకు, జంకు, బెదురు, అదురు, దడ, గుబులు, గాభరా, జడుపు, వెరపు, హడలు, దిగులు. ఇన్ని పేర్లు పెట్టినవాళ్ళు మహా పిరికివాళ్ళయినా అయి ఉండాలి, లేదా భయపడుతూ కూడా పక్కవాడి మొహంకేసి పరీక్షగా చూసే ఓపిక ఉన్నవాళ్ళయినా అయి ఉండాలి. ఇందులో మాస్టారు ఏ కోవకి వస్తారన్నది ఊళ్ళో ఎవరికీ సందేహం లేదు.

"ఆయనకి లారీ అంటే జంకు, కుక్కంటే బెదురు, వంతెనంటే వణుకు, మలుపంటే దడ," అనేవాళ్ళు టీ కొట్టు దగ్గర. "మరి డ్రైవింగు ఎలా నేర్పుతాడో!"

"అయినా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు బాగానే నడుపుతున్నారుగా?"

"అదేగా అంతుపట్టనిది!"

అలాంటి మాస్టారి దగ్గరికి నర్సమ్మ వచ్చింది.

మంచం దిగలేని రోగుల ఇళ్ళకి వెళ్ళి, కట్లు మార్చి, ఒళ్ళు తుడిచి, సూదులేసి రావడం ఆమె ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఆఫీసు వ్యానుకి డ్రైవరుండేవాడు. అతను రిటైరయ్యాడు. అతని స్థానంలో ఇంకొకరిని పెట్టేది లేదని పైవాళ్ళు తేల్చేశారు. ఇకమీదట ఎవరి వ్యాను వాళ్ళే నడుపుకోవాలి. అందాకా బస్సులే గతి. వానలు మొదలయ్యేలోగా లైసెన్సు తెచ్చుకోనివాళ్ళు ఆఫీసు నేలమాళిగలో, స్టోరు గదిలో కూర్చుని, చేతి తొడుగులు కట్టలు కట్టుకోవాలి.

ఇంకొకరికైతే అది వరమే. ఎండా లేదు, వానా లేదు, ఎత్తడం లేదు, దించడం లేదు. నర్సమ్మకి మాత్రం అది శిక్షలా తోచింది. ఆమెకున్న మనుషులందరూ ఆ మంచాల మీదే ఉన్నారు మరి. ఏ ఇంటి కిటికీ సరిగా పడదో, ఏ ముసలమ్మ మందు మింగినట్టే మింగి దిండు కింద దాస్తుందో, ఎవరి కోడలు తలుపు తీస్తూనే ఫిర్యాదు మొదలుపెడుతుందో, అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. సొంత ఇంటి సంగతికొస్తే, భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. దూరాన అక్క ఒకామె ఉంది, ఫోను చేస్తే తన మోకాళ్ళ గురించి చెప్పుకుని పెట్టేస్తుంది. ఇంట్లో నర్సమ్మతో మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే. అదీ ఉండుండి గుర్రుమని ఊరుకుంటుంది. సాయంత్రం తాళం తీసేటప్పుడు ఆమె అవసరానికి మించి చప్పుడు చేస్తుంది, లోపలున్నవాళ్ళకి వినపడాలన్నట్టు. లోపల ఎవరూ ఉండరు.

మొదటి రోజు స్టీరింగు ముందు కూర్చుని ఆమె తనలో తను, "ఏం కాదు, ఏం కాదు, భయపడకూడదు" అని గొణుక్కుంది.

మాస్టారు చెవి ఇటు వేశారు. "ఎవరితో అంటున్నారు?"

"నాతోనేనండీ. రోగులతో అనీ అనీ నోటికి అలవాటైపోయింది."

"పని చేస్తుందా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఈ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. "చెయ్యదండీ," అంది నిజాయితీగా.

"నాకూ చెయ్యలేదు. పదండి, మొదటి గేరు."

ఆ మొదటి రోజుది బెరుకు అన్నారాయన. బెరుకు కొత్త చెప్పుల్లాంటిది, నడవగా నడవగా అదే పోతుంది. తర్వాత అడ్డరోడ్ల దగ్గర జంకు వచ్చింది. జంకు కాళ్ళది. కాలు ముందుకేసి మళ్ళీ వెనక్కి తీసుకోవడమే జంకు. ఒకరోజు సైకిలువాడొకడు అడ్డం వచ్చి, తప్పుకుని పోయాక, ఆమె ఇంటికెళ్ళి రాత్రంతా ఉలిక్కిపడుతూనే ఉంది. "అది జడుపు" అన్నారు. "ముందొచ్చేది భయం. అయిపోయాక వెతుక్కుంటూ వచ్చేది జడుపు. ఆలస్యంగా వచ్చే చుట్టంలాంటిది, పలకరించి పంపించెయ్యాలి." ప్రతిదానికీ చివర్న షరా మామూలే: "నాకూ అదే."

వంతెన రోజు మరీ విడ్డూరం. వంతెన కనపడుతూనే మాస్టారు నెత్తిమీది పిడిని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసేసుకున్నారు.

"అయిపోయిందా అండీ?"

"సగం కూడా రాలేదు మాస్టారూ."

"అయితే నాకు చెప్పకండి. పక్కన నీళ్ళున్నాయా?"

"వంతెన కింద నీళ్ళుండక ఏముంటాయండీ! మీరు కళ్ళు తెరవకండి. మెల్లిగా ఊపిరి పీల్చుకోండి. నేనున్నానుగా. ఇదిగో, ఇంకొంచెం, ఇంకొంచెం... ఆఁ, దాటేశాం. తెరవండి."

మాస్టారు ఒక కన్ను తెరిచి చూశారు. "చచ్చి బతికానండీ," అన్నారు. తను ఇంత పొడుగు వంతెన చెయ్యి వణక్కుండా దాటేసిందన్న సంగతి నర్సమ్మకి ఆ తర్వాతగాని తట్టలేదు.

ఈ చదువంతా లైసెన్సు పరీక్ష రోజున కొంప ముంచింది. పరీక్షాధికారి చిరునవ్వు ఎరగని మనిషి. బండెక్కుతూనే మర్యాదకి, "భయంగా ఉందా?" అని అడిగాడు.

నర్సమ్మ నోటివెంట అలవాటుగా జారిపోయింది: "ఏ రకం సార్?"

"ఏమిటీ?"

"అంటే... జంకా, దడా, కంగారా అని. ఇప్పుడైతే కాళ్ళలో జంకు లేదు సార్, చేతుల్లో కొంచెం..."

అధికారి పెన్ను మూత పెట్టేశాడు. "మీరు ఆ మాస్టారి మనిషేనా? ఆయన తాలూకు వాళ్ళందరూ నాకు ఎదురు ప్రశ్న వేస్తారు. దిగండి. వెటకారం తగ్గాక రండి."

వానలకి ముందు ఇంకొక్క అవకాశమే ఉంది. అది కూడా పోతే స్టోరు గదే. నర్సమ్మ మాస్టారి మీద మండిపడింది. "మీ రకాలూ మీరూ! నా ఉద్యోగం నీళ్ళపాలవుతోంది!"

"తప్పు నాదేనండీ," అన్నారాయన తల గోక్కుంటూ. "కానీ మీకు అసలు పేచీ పరీక్షతో కాదు. చాలారోజులుగా చూస్తున్నాను. మీరు వెళ్ళేటప్పుడు చక్కగా నడుపుతారు. తిరుగు దారిలోనే బండి ఆగిపోతుంది. అదీ ఎక్కడ? మీ వీధి మలుపులో. రోజూ అక్కడే. ఆ మలుపు సంగతి తేలకపోతే పరీక్ష రోజున కూడా అంతే, తిరుగు దారిలో ఆగిపోతారు."

అది నర్సమ్మకీ తెలుసు. నిజమే. ఆ మలుపు తిరగగానే చీకటిగా ఉన్న తన కిటికీ కనపడుతుంది. అంతే, ఎడమకాలు చచ్చుబడినట్టవుతుంది.

"ఇది బెంగేమో అనుకున్నాను," అన్నారు మాస్టారు, ఈసారి కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకోకుండానే. "కాదు. బెంగకి ఒక మనిషుండాలి. ఫలానా వాళ్ళు లేరని బెంగ. మీది దిగులు. దిగులుకి మనిషి కూడా అక్కర్లేదు. పొద్దు వాలితే చాలు." అద్దంలోకి చూస్తూ అన్నారు, "నాకూ అదే."

ఆ మాట ఆయన ఎప్పుడూ హుషారుగా, బట్టలకొట్టువాడు గుడ్డ తాను విప్పినట్టు అనేవారు. ఆ సాయంత్రం మాత్రం ఎవరికీ వినపడకపోయినా ఫరవాలేదన్నట్టు అన్నారు.

వైద్యం ఆయనే కనిపెట్టారు. పాఠం ఆమె ఇంటి దగ్గర ముగించకూడదు, ఇంటి దగ్గరే మొదలెట్టాలి. మలుపు తిరగడం, కిటికీ చూడడం, ఆగకుండా ముందుకెళ్ళి, చుట్టు తిరిగి, మళ్ళీ మలుపు తిరగడం. అలా ఆ వీధి చుట్టూ గానుగెద్దులా తిరిగారు. పక్కింటావిడ గేటు దగ్గరికొచ్చి నిలబడింది. "ఏం పోగొట్టుకున్నారండీ?"

"ఏం లేదమ్మా, అలవాటు చేసుకుంటున్నాం," అన్నారు మాస్టారు తల బయటపెట్టి.

"దేన్ని?"

"ఇంటిని!"

పక్కింటావిడ గబగబా లోపలికెళ్ళి వాళ్ళాయన్ని పిలుచుకొచ్చింది. ఇద్దరూ చాలాసేపు చూశారు. నాలుగో చుట్టుకో ఐదో చుట్టుకో నర్సమ్మకి నవ్వాగలేదు. నవ్వుతూ ఉండగా మలుపు దాటిపోయింది, బండి ఆగలేదు.

ఆమె రోగుల్లో ఫైరింజను బాబాయి అని ఒకాయన ఉన్నాడు. అగ్నిమాపక దళంలో అధికారిగా చేసి, ఇప్పుడు నడుము పడిపోయి మంచాన ఉన్నాడు. ఆయన్ని నవ్విస్తే గాని కట్టు మార్చనివ్వడు. అందుకని ఒకరోజు నర్సమ్మ మాస్టారి కథలన్నీ చెప్పింది. వార్తలాయన, వస్తాదు, వంతెన, అన్నీ. బాబాయి నవ్వి నవ్వి ఒక్కసారిగా ఆగాడు.

"అమ్మాయ్, ఆ పెద్దమనిషికి ఎడమ చెవి తమ్మె ఉండదు కదూ?"

"అవును బాబాయ్ గారూ. చిన్నప్పుడు కుక్క కొరికేసిందట. అందుకే కుక్కలంటే బెదురని చెప్పారు."

"కుక్కా!" బాబాయి మంచం మీద అరిచిన అరుపుకి వంటింట్లోంచి కోడలు పరిగెత్తుకొచ్చింది. "ఏం లేదమ్మా, నువ్వు పో. కుక్కట! రంగుల గోదాము తగలబడిన రోజు పోయిందా చెవి. డ్రమ్ములు టపటపా పేలుతుంటే, 'వెనక్కి రారా వెధవా' అని నేను గొంతు చించుకుంటుంటే, ఫైరింజన్ని తీసుకెళ్ళి మంటల గోడ పక్కనే ఆపాడు. లోపలివాళ్ళంతా దాని మీదుగానే దూకి బతికారు. మా దళంలో బండి నడిపింది వాడే. వాడికి వంతెనంటే వణుకా? వరదలో సగం కొట్టుకుపోయిన వంతెన మీద బండి వెనక్కి నడిపాడే, వెనక్కి! ఒట్టి మొండిఘటం. వాడికి భయమన్నది నేను చూడలేదు."

నర్సమ్మ చేతిలో కట్టు గుడ్డ అలాగే ఉండిపోయింది. "మరి... అందరితో నాకూ అదే, నాకూ అదే అంటారే?"

"అది అప్పటి జబ్బే. ఒకసారి ఓ పెద్ద దుకాణం అంటుకుంది. గుమాస్తా ఒకడు పైఅంతస్తు కిటికీ బయట, గోడ అంచు మీద ఇరుక్కుపోయాడు. నిచ్చెన వేశాం. దిగడు. కింద జనమంతా 'భయపడకు, దిగు, భయపడకు' అని ఒకటే కేకలు. వాడు గోడకి ఇంకా బల్లిలా అతుక్కుపోతున్నాడు. మీ మాస్టారు నిచ్చెనెక్కాడు. లాక్కొస్తాడనుకున్నాం. వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాడు! ఏదో మాట్లాడాడు. కాసేపటికి చూద్దుం గదా, ఆ గుమాస్తా మావాడి చెయ్యి పట్టుకుని, 'చూసుకోండి, ఇక్కడ మెట్టుంది, కిందకి చూడకండి' అంటూ మెల్లిగా దింపుకొస్తున్నాడు!"

"గుమాస్తా మాస్టార్ని దింపాడా?"

"అదే మరి! ఏం చెప్పావురా అని అడిగితే, 'నాకు ఎత్తంటే హడలు, తెలీక ఎక్కేశాను, కాస్త దింపిపెడతారా అన్నాను సార్' అన్నాడు. 'భయపడకు భయపడకు అని అందరూ కింద నుంచి అరిస్తే, పైనున్నవాడు మరీ ఒంటరివాడైపోతాడు సార్' అన్నాడు." బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వుకో ఇంకెందుకో. "వాణ్ణి చూసి చాలాకాలమైంది. ఒకసారి తీసుకురా అమ్మాయ్."

"తీసుకురావాలంటే ముందు నాకు లైసెన్సు రావాలి బాబాయ్ గారూ. రాకపోతే నేనే రాను."

మర్నాడు వంతెన దాటగానే నర్సమ్మ బండి పక్కకి తీసింది. "గుండె దడదడలాడుతోందన్నారుగా, చెయ్యి ఇవ్వండి." మాస్టారు తప్పించుకోబోయేలోపే మణికట్టు పట్టుకుని, గడియారం చూసింది. మధ్యాహ్నం కడుపునిండా తిని కునుకు తీసే తాతగారి నాడిలా ఉంది.

"ఎలా ఉందండీ?" అన్నారాయన, మొహం వీలైనంత దీనంగా పెట్టి.

"చాలా ప్రమాదంగా ఉంది," అంది నర్సమ్మ, నవ్వు బిగబట్టుకుని. "ఈ వంతెన మీదకి మీరు ఒంటరిగా రాకండి."

నవ్వొచ్చిందే గాని లోపల ముల్లు దిగింది. వంతెన అబద్ధమని తేలింది. కుక్క అబద్ధం. హారన్‌కి బారెడు ఎగరడం, తల కొట్టుకోవడం కూడా వేషమే. మరి ఆ దిగులు? ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె ఈమధ్య తాళం మామూలుగా తీస్తోంది. ఊళ్ళో ఇంకెక్కడో ఇంకొకరు కూడా ఇదే వేళకి ఇలాగే తాళం తీస్తున్నారనుకుంటే ఆ గది అంత పెద్దదిగా కనిపించేది కాదు. అదీ నిచ్చెన మీది మాటేనా?

రెండోసారి పరీక్షకి అదే అధికారి వచ్చాడు. నర్సమ్మ నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంది. వెళ్ళడం బాగానే వెళ్ళారు. తిరుగు దారిలో ఎత్తు మీద ఆపి మళ్ళీ ఎక్కించమన్నాడు. బండి ఒక్క అడుగు వెనక్కి జారింది. ఆమె గుండె నోట్లోకి వచ్చింది. పక్కన 'నాకూ అదే' అనేవాళ్ళు లేరు. అధికారి పెన్ను మూత తీశాడు. నర్సమ్మ ఏం కాదని అనుకోలేదు. ఇది దడ, గుండెది, కాళ్ళకి దీంతో పనిలేదు, కాళ్ళ పని కాళ్ళని చేసుకోనీ అనుకుంది. కాళ్ళు వాటి పని అవి చేసుకున్నాయి. బండి ఎత్తు ఎక్కేసింది.

ఆపాక అధికారి కాగితం మీద సంతకం చేస్తూ అడిగాడు. "ఇవాళ భయం వెయ్యలేదా?"

"వేసింది సార్. కానీ రకం అడగకండి, దయచేసి."

ఆ మనిషి నవ్వగలడని ఆ ఆఫీసులో ఆ రోజే తెలిసింది.

తొలకరి మబ్బు పట్టిన సాయంత్రం, ఆఫీసు వ్యాను తనే నడుపుకుంటూ నర్సమ్మ మాస్టారి దుకాణం ముందు ఆపింది. దుకాణమంటే ఒక ఇనప షట్టరు, ఒక బల్ల, గోడ మీద రోడ్డు గుర్తుల పటం. మాస్టారు ఒక్కరే కూర్చుని, కదపనవసరం లేని ఎదుటి కుర్చీని ఇటునుంచి అటు జరుపుతున్నారు.

"లైసెన్సొచ్చింది మాస్టారూ."

"చాలా సంతోషమండీ," అన్నారాయన. కుర్చీని మళ్ళీ ఇటు జరిపారు. "అయితే ఇంక పాఠాలకి రారన్నమాట."

"ఒక సంగతి తేల్చుకోవడానికి వచ్చాను. మీ చెవి కుక్క కొరకలేదు."

మాస్టారి చెయ్యి దానంతటదే చెవి దగ్గరికెళ్ళింది. "ఎవరు చెప్పారు?"

"ఫైరింజను బాబాయి గారు. నా పేషెంటే. వంతెన సంగతీ, గుమాస్తా సంగతీ అన్నీ చెప్పారు. ఇప్పుడు మిమ్మల్ని తీసుకురమ్మన్నారు. మిగతా అబద్ధాలన్నీ మాఫీ. ఒక్కటి చెప్పండి. ఆ రోజు మా వీధి మలుపు గురించి అన్న మాట? దిగులు? అదీ నన్ను దాటించడానికి అన్నదేనా?"

మాస్టారు బయట మబ్బుకేసి చూశారు. "షట్టరు దించాలండీ, వానొచ్చేలా ఉంది," అని గబుక్కున లేచి, చూసుకోకుండా షట్టరు పట్టుకుని ఒక్క లాగు లాగారు. తుప్పుపట్టిన అంచు అరచేతిని చీరేసింది.

నర్సమ్మ లోపలి నర్సు మేలుకుంది. చెయ్యి కడిగింది, కట్టు కట్టింది. "తుప్పు ఇనుము. ధనుర్వాతం సూది పడాల్సిందే. మందు వ్యానులో ఉంది. పదండి, బాబాయి గారింట్లో కూర్చోబెట్టి వేస్తాను."

"సూదెందుకండీ? చిన్న గీతే కదా! రేపు చూద్దాం. లేకపోతే ఎల్లుండి."

"ఎక్కండి!"

దారి పొడుగునా మాస్టారు వ్యానులోని మందుల పెట్టెకేసే చూస్తూ కూర్చున్నారు. వంతెన మీద కళ్ళు మూసుకోవడం కూడా మరిచిపోయారు.

"ఒరే మొండిఘటం!" అని మంచం మీదనుంచి బాబాయి చేతులు చాపాడు. "సార్!" అని మాస్టారు ఆ చేతుల్లో పడ్డారు. ఇద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళు విననివ్వకుండా కాసేపు మాట్లాడేసుకున్నారు. ఈలోగా నర్సమ్మ చేతులు కడుక్కుని, సూది సిద్ధం చేసుకుని వెనక్కి తిరిగింది.

మాస్టారు సున్నం కొట్టిన గోడలా ఉన్నారు.

"వేషాలెయ్యకురా, మాకు నీ సంగతి తెలిసిపోయిందిలే," అన్నాడు బాబాయి.

"వేషం కాదు సార్!" అన్నారు మాస్టారు. గొంతు కీచుమంది. "నిజంగానే... నా వల్ల కాదు!"

నర్సమ్మ తేరిపార చూసింది. వృత్తిలో ఎన్నో మొహాలు చూసిన కళ్ళు అవి. ఇది నిజం. ఎంత బిగబట్టుకుందామన్నా ఆమెకి ఆగలేదు. "ఏ రకం మాస్టారూ?"

ఊరందరి భయాలకీ పేర్లు పెట్టిన మనిషి నోరు తెరిచి వెతుక్కున్నాడు. అన్ని మాటలూ కట్టగట్టుకుని పారిపోయినట్టున్నాయి.

"అన్నీ!" అన్నారు చివరికి.

బాబాయి పగలబడి నవ్వాడు. నర్సమ్మ సూది పట్టుకుని ఒక అడుగు వేసింది.

"ఆగండాగండి! మీరడిగారుగా, దిగులు సంగతి! చెప్తాను! అది నిజమండీ, ఒట్టు! షట్టరు దించాక వెళ్ళాల్సిన చోటు లేదు నాకు. ఇంట్లో నేను వెళ్ళి దీపం వేస్తేనే వెలుగు. ఊరికే రకాలడిగి పాఠాలు సాగదీస్తాననుకుంటారు అందరూ, సగం అందుకేనండీ. వివరంగా చెప్తాను. చాలా ఉంది. ముందు ఆ సూది కింద పెట్టండి!"

సూది కింద పెట్టడం జరగలేదు గాని, నర్సమ్మ మొహంలో మాత్రం దీపం వేసినట్టయింది. "అయితే రేపట్నుంచి సాయంత్రం రోగుల ఇళ్ళకి నాతోపాటు వ్యానులో రండి," అంది, ఆయన చొక్కా చెయ్యి పైకి మడుస్తూ. "సూదంటే గింజుకునేవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారు. పక్కన కూర్చుని మీ మాట మీరు అంటే చాలు. ఇందులో మీరు నటించే శ్రమ కూడా లేదు."

"వస్తాను, తప్పకుండా వస్తాను. ఇది మాత్రం రేపు..."

నోటి చివరిదాకా వచ్చిన 'భయపడకండి'ని నర్సమ్మ మింగేసింది. వంగి, ఆయన చెవి దగ్గర, పరమ రహస్యం చెప్తున్నట్టు అంది.

"నాకూ అదే మాస్టారూ."

"మీకా? నర్సుకి సూదంటే భయమా?"

"ఇప్పటికీనండీ. పొడిచే ముందు గట్టిగా కళ్ళు మూసేసుకుంటాను."

"కళ్ళు మూసుకుని పొడుస్తారా!" మాస్టారు పెట్టిన కేకకి వంటింట్లోంచి కోడలు మళ్ళీ పరిగెత్తుకొచ్చింది.

"అయిపోయిందండీ," అంది నర్సమ్మ దూది అద్దుతూ.